ఏసీ ఆపితే ఆగే ఫ్యాన్లు

ఏప్రిల్ 4

అక్కా,

తప్పు జరిగింది. చేయించినవాడు మా షాపు యజమాని. చేతులతో చేసినవాడు అతని బావమరిది. కళ్ళతో చూసినవాణ్ణి నేను. చూశాక కూడా నోరు మూసుకుంటే ఆ ఇద్దరి పక్కన మూడోవాణ్ణి నేనే అవుతాను.

కష్టజీవుల ప్రాణాలను తరుగు కింద కొట్టేసే ఈ వ్యాపార వ్యవస్థ గురించి ఎంత చదివినా, అది మన బల్ల మీదికి వచ్చి కూర్చునేదాకా నమ్మలేం. నా బల్ల మీదికి నిన్న వచ్చింది. ఎవరో కంట్రాక్టరు నడుముకి నీలం పట్టీ వేసిన తెల్ల వ్యాన్లు తెచ్చి మా దగ్గర ఏసీలు పెట్టించుకున్నాడు. అవి ఏ డిపోకి పోయాయో మాకు చెప్పలేదు. కొండ దారి అని మాత్రం విన్నాను. నేను గాలి గొట్టాలు బిగించాను, ముందు అద్దం మూలన మా షాపు గుర్తు, ఆ తెల్ల ఎలుగుబంటి బొమ్మ అంటించాను. వైరింగ్ మాత్రం వెనక షెడ్డులో తలుపేసుకుని బావమరిది చేశాడు. ఎందుకు తలుపేసుకున్నాడా అనుకున్నాను. చల్లదనం చాలట్లేదని ఒక వ్యాను తిరిగొచ్చింది, అతను లేకపోతే నన్ను విప్పమన్నారు. విప్పాను.

మామూలు బండిలో ఇంజను తిరిగినంతసేపూ బెల్టు మీద ఫ్యాన్ తిరుగుతుంది. ఏసీ సామానుకి చోటు చాలక దాన్ని పీకేసి రేడియేటర్‌కి రెండు కరెంటు ఫ్యాన్లు పెడతారు. ఆ ఫ్యాన్లకి కరెంటు వదిలే రిలేకి రెండు ఆజ్ఞలు అందాలి. ఒకటి, ఏసీ వేశారు, తిరుగు అని. రెండోది, ఏసీ వేసినా వెయ్యకపోయినా నీళ్ళు కాగుతున్నాయి, తిరుగు అని. ఈ రెండో ఆజ్ఞ రేడియేటర్లో దిగేసిన వేడి స్విచ్ నుంచి రావాలి. నేను విప్పిన బండిలో వేడి స్విచ్ లేదు. దాని చోట ఒక బోల్టు బిగించి పైన రంగు పూశారు. ఏసీ వైరు ఒక్కటే ఉంది. అంటే ఏసీ ఆపిన క్షణం ఫ్యాన్లు కూడా ఆగిపోతాయి. దోపిడీకి ఇంతకన్నా చక్కటి బొమ్మ ఏ కరపత్రంలోనూ ఎవరూ గీయలేదు.

యజమాని దగ్గరికి పోయి అడిగాను. గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు, తల ఎత్తలేదు. "ఏసీ బండెక్కి ఏసీ ఎవడు ఆపుతాడ్రా?" అన్నాడు. నీళ్ళు దింపి, గొట్టం కోసి, స్విచ్ దిగేసే తీరిక లేకపోయిందట, బళ్ళు ప్రారంభోత్సవానికి అందించాల్సి వచ్చిందట. నేను గొంతు పెంచాను. షాపంతా పని ఆపి చూసింది. తరవాత అందరూ మళ్ళీ పనిలో పడ్డారు. దానికే నాకు ఎక్కువ కడుపు మండింది.

ఇక క్షేమ సమాచారాలు. నువ్వు పంపిన చెప్పులు ఒక వేలు పొట్టి అయ్యాయి, అయినా వేసుకుంటున్నాను. గదిలో నాతో ఉండే దర్జీ నిద్రలో కూడా కొలతలు చెప్తున్నాడు. మీ డిపోలో ఫోను మేనేజరు బల్ల మీద ఉందని, పైగా మనిద్దరం ఫోనులో మూడో మాటకి పోట్లాడుకుంటామని తెలిసే ఇదంతా రాస్తున్నాను. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు గదా.

కోపంలోనే ఉన్న
నీ తమ్ముడు


ఏప్రిల్ 12

ఒరేయ్ అగ్గిపుల్లా,

ఉత్తరం అందింది. నీ ఉత్తరాలు నేను చదివే పద్ధతి చెప్తాను, ఉడుక్కోకు. "కష్టజీవుల" అని ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఒక వేలు పెడతాను. "క్షేమ సమాచారాలు" అని ఎక్కడ వస్తుందో అక్కడికి ఆ వేలు జరుపుతాను. మధ్యలోది పుస్తకంగా వేయించినప్పుడు చదువుతాను. మీ యజమాని మంచివాడు కాదని నాకు ఎప్పుడో తెలుసు. మొన్న గోడ గడియారం వెనక్కి తిప్పాడన్నావు, అంతకుముందు సబ్బు ముక్కలు చేసి ఇచ్చాడన్నావు. ఈసారి ఏం చేశాడో గాని, నువ్వు మాత్రం ఉద్యోగం పోగొట్టుకోకు. చెప్పులు సాగుతాయి, తడి కాగితాలు కుక్కి ఉంచు.

ఇక్కడ మాకు కొత్త భోగం పట్టింది. కొండ మీద ఆసుపత్రికి రోగుల్నీ, నర్సుల్నీ చేరవేసే పాత డొక్కు బళ్ళు తీసేసి కొత్త వ్యాన్లు ఇచ్చారు. తెల్లగా పాలలా ఉన్నాయి, నడుముకి నీలం పట్టీ. ఏసీ కూడా! ముందు అద్దం మూలన ఒక తెల్ల ఎలుగుబంటి కూర్చుని నన్నే చూసి నవ్వుతున్నట్టుంటుంది. మూత్రపిండాల జబ్బుతో వారానికి మూడుసార్లు పైకి వచ్చే ఒక టీచరమ్మ ఉంది. చల్లగాలి ముఖానికి తగలగానే కళ్ళు మూసుకుని, "ఇంటికెళ్ళకుండా ఇందులోనే ఉండిపోతానమ్మా" అంది. డ్రైవరుగా పది మందితో తిట్లు తిన్న నాకు ఆ ఒక్క మాట చాలు.

మా అందరికన్నా పెద్ద డ్రైవరు హారన్ తాత గురించి చెప్పాను గదా, పుట్టి బుద్ధెరిగి హారన్ కొట్టని మనిషి. ఆయన మాత్రం కొత్త బండి ఎక్కి, ఏసీ వెయ్యకుండా నడిపి చూసి పెదవి విరిచాడు. "గొంతు లేని బండి, ఏమంటుందో తెలీదు" అన్నాడు. పాత బళ్ళలో ఇంజను ముందు ఫ్యాను హోరు వినపడేది గదా, అది లేదని ఆయన బాధ. ముసలితనం అని నవ్వాం.

ఒక్కటే చికాకు. కొండెక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. నాకు భయం లేదులే. నేను మొదటిసారి ఏసీ కారు నడపడానికి చేరినప్పుడు నువ్వు చెప్పిన మాట గుర్తుంది, ముల్లు లేస్తే ముందు ఏసీ ఆపు, ఇంజను బరువు తగ్గుతుంది అని. అలాగే చేస్తున్నాను. అయినా ముల్లు వెంటనే దిగట్లేదు, కొంచెం మొండికేస్తోంది. పైకి చేరాక దానంతటదే చల్లారుతోంది. మిగతా డ్రైవర్లకి కూడా ఈ చిట్కా నేర్పాను. "మా తమ్ముడు ఏసీ మెకానిక్కు" అని గొప్పగా చెప్పుకున్నాను. నీ పరువు నిలబెట్టు మరి, ముల్లు ఎందుకు మొండికేస్తోందో రాయి.

నీ వేలు జరిపే అక్క


ఏప్రిల్ 17

అక్కా,

నీ బద్ధకం మనుషుల్ని చంపుతుంది.

నువ్వు వేలు జరిపిన ఆ మూడు పేరాల్లోనే నీ ప్రాణం ఉంది. నీకు చదవడానికి ఒళ్ళు బరువు. కరపత్రం అంటే వెక్కిరింత. ప్రపంచంలో ప్రతి ప్రమాదం ముందూ ఎవడో ఒకడు ఒక కాగితం రాసే ఉంటాడు, ఎవరో ఒకరు నీలాగే వేలు జరిపే ఉంటారు. నీలం పట్టీ, ఎలుగుబంటి చదవగానే నా చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడింది. దాన్ని తీసుకుని నేరుగా యజమాని గదిలోకి పోయాను. ఆ బళ్ళన్నీ వెనక్కి పిలిపించమని బల్ల గుద్ది అడిగాను. "మీ అక్క కూడా అక్కడే ఉందా, చెప్పనేలేదే" అన్నాడు. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. బెదిరింపులా లేదు. ఏదో కొత్త సంగతి తెలిసినవాడిలా తల ఊపుకుంటూ అన్నాడు.

ఇలాంటివాళ్ళు ఎందుకు బతికి బట్టకడుతున్నారంటే మనం విడివిడిగా ఉండబట్టి. వైరింగ్ చేసినవాడికి బండి ఎక్కేవాడు తెలీదు. బండి ఎక్కేవాడికి వైరింగ్ చేసినవాడు తెలీదు. మధ్యలో గోడ కట్టి, దానికి రెండు వైపులా అద్దె వసూలు చేసుకునేవాడే యజమాని. ఆ గోడ మీద మొదటి దెబ్బ మనమే వెయ్యాలి. విను, ఆ బళ్ళలో ఏసీ ఆపితే ఫ్యాన్లు ఆగిపోతాయి, నేను నీకు నేర్పిన మాట మంచి బండికే మంచిది, ఈ బళ్ళకి అదే విషం, కాబట్టి కొండెక్కేటప్పుడు ఏసీ ఆపొద్దు, ముల్లు లేస్తే ఏసీ వేసే ఉంచు. నేను ఊరికే కూర్చోను. ఇక్కడ షాపులో పనివాళ్ళతో సంఘం పెడుతున్నాను. ఇప్పటికి వచ్చినవాడు దర్జీ ఒక్కడే, వాడు మా షాపువాడు కూడా కాదు. అయినా పెడతాను.

ఈ ఉత్తరం చేరేలోపు ఏమన్నా అవుతుందేమోనని మీ డిపోకి ఫోను చేశాను. మేనేజరు ఎత్తాడు. నువ్వు ట్రిప్పులో ఉన్నావన్నాడు. ఏసీ ఆపొద్దని అక్కకి చెప్పండి, ఫ్యాన్ల వైరింగ్ తప్పు అని మొత్తం వివరించాను. వెనకాల ఎవరో ఆయనతో ఇంకో పని గురించి మాట్లాడుతూనే ఉన్నారు. "సరే సరే, ఏసీ సంగతి, చెప్తాను" అని పెట్టేశాడు.

వెంటనే జవాబు రాయి. వెక్కిరించకుండా రాయి.

తమ్ముడు


ఏప్రిల్ 23

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఎలాంటిదో తెలిస్తే ఆ మొదటి వాక్యం రాసేవాడివి కాదు. లేదా తెలిసే రాశావేమో, ఎవరన్నా అప్పటికే నీకు చెప్పారేమో నాకు తెలీదు.

హారన్ తాత బండి మూడో మలుపు దగ్గర ఆగిపోయింది. ముల్లు ఎర్రగీత మీదికి పోయిందని ఏసీ ఆపాడట, నేను నేర్పినట్టే. ఇంకో మలుపు తిరిగేలోపు బానెట్ సందుల్లోంచి ఆవిరి. బండి పక్కకి తీసి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, రోగుల్ని దింపి చెట్ల నీడన కూర్చోబెట్టాడు. ఆ తరవాతే బానెట్ ఎత్తాడు. రేడియేటర్ మూత ముట్టుకోలేదు, ముట్టుకునే మనిషి కాడు. పై గొట్టం దానంతటదే పగిలింది. కాగే నీళ్ళు ముఖం మీదా, మెడ మీదా, రెండు చేతుల మీదా పడ్డాయి. నేను వెనక బండిలో ఉన్నాను. ఆయన్ని నా బండిలోనే పైకి చేర్చాను. టీచరమ్మ తన నీళ్ళ సీసా మొత్తం ఆయన చేతుల మీద పోస్తూ కూర్చుంది. ఆయన అరవలేదు. దారిలో ఒకే ఒక్క మాట అన్నాడు. "తల్లీ, ఫ్యాను చప్పుడు వినపళ్ళేదు." నొప్పికి మతి తప్పి మాట్లాడుతున్నాడనుకుని, పడుకోండి తాతా, పడుకోండి అన్నాను.

సాయంత్రం ఆయన్ని అప్పజెప్పి, రసి అంటిన సీటు కడిగి, గదికి వచ్చాను. తలుపు సందులో నీ ఉత్తరం ఉంది. "నీ బద్ధకం మనుషుల్ని చంపుతుంది." అక్కడితో మడిచేశాను. చిట్కా నేనే నేర్పాను, నిజమే. అది నాకు ఒకరు గుర్తు చెయ్యక్కర్లేదు. అందులోనూ నాకు ఆ చిట్కా నేర్పినవాడు అసలే గుర్తు చెయ్యక్కర్లేదు. మిగతాది చదవలేదు, చదవను. పెట్టె అడుగున పడేశాను.

నువ్వు ఫోను చేసిన సంగతి మేనేజరు చెప్పాడు. "మీ తమ్ముడు ఏసీ సంగతి గుర్తు చెయ్యమన్నాడు" అన్నాడు. తెలుసు, ఆపుతూనే ఉన్నాను అన్నాను. ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. మర్నాడే నోటీసు బోర్డు మీద కొత్త రూలు పెట్టారు. కొండ మొదట్లో ఉన్న చెక్‌పోస్టు దగ్గరే అందరూ ఏసీ ఆపాలి, ముల్లు లేచేదాకా ఆగకూడదు. తాత ఆలస్యంగా ఆపబట్టే ఇంత జరిగిందని తేల్చారు. తప్పు డ్రైవరుదని రాసి పైకి పంపేశారు. ఇప్పుడు చెక్‌పోస్టు దగ్గర ఒక మనిషి నిలబడి ప్రతి బండిలోకీ చెయ్యి పెట్టి చూస్తున్నాడు, జాలీలోంచి చల్లగాలి వస్తోందా అని.

ఎండలు ముదురుతున్నాయి. రోజూ ముల్లు నిన్నటికన్నా ఒక వెంట్రుకవాసి పైన ఉంటోంది. దాన్నే చూస్తూ నడుపుతున్నాను, మలుపులు కూడా చూడట్లేదు.

కొన్నాళ్ళు నాకు రాయకు.

అక్క


ఏప్రిల్ 27
(కార్డు)

అక్కా, ఏసీ ఆపకు.
ఆ బళ్ళలో ఏసీ ఆపితే ఫ్యాన్ ఆగుతుంది.
తాత చెప్పింది మతి తప్పి కాదు.
ఈ కార్డు ఎవరి చేతికొచ్చినా ఆమెకి చదివి వినిపించండి.


మే 3

ఒరేయ్ తమ్ముడూ,

కార్డు నా చేతికి ఇంకా రాలేదు. మేనేజరు బల్ల మీదే ఉంది. కానీ అది బల్ల మీదికి చేరేలోపు గేటు దగ్గర కాపలా అతను చదివాడు. కార్డు అంటే నలుగురూ చదివేదేగా. ఆయన రెండు రోజులు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగాడట, చెప్తే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో అని. మూడో రోజు నేను బండి బయటికి తీస్తుంటే గేటు తీసే నెపంతో కిటికీ దగ్గరికి వచ్చాడు. "మీ తమ్ముడు ఏసీ ఆపకు అని రాశాడమ్మా. ఆపితే ఫ్యాన్ ఆగుద్దట" అని, నాకేం తెలీదు అన్నట్టు ఆకాశం చూస్తూ పోయాడు.

చెక్‌పోస్టు దగ్గర రూలు ప్రకారం ఆపాను. చెయ్యి పెట్టి చూశారు, వదిలారు. రెండో మలుపు దాటేసరికి ముల్లు ఎర్రగీతని తాకింది. వెనక రోగులు నిండుగా ఉన్నారు, ముందు సీట్లో టీచరమ్మ. ఎడమ పక్క మోకాలెత్తు గోడ, గోడ అవతల ఏమీ లేదు. తియ్యటి కాలుడు వాసన మొదలైంది. నాకు తెలిసిన ప్రతి నియమం ఏసీ వెయ్యొద్దనే చెప్తోంది. నా చెయ్యి కూడా వద్దంటోంది, అలవాటుపడ్డ చెయ్యి కదా. వేశాను.

ముందు నించి హోరుమని చప్పుడు లేచింది. టీచరమ్మ ఉలిక్కిపడింది. కాసేపటికి ముల్లు కదిలింది, కిందికి. నేను మళ్ళీ ఆపాను. చప్పుడు చచ్చిపోయింది. మళ్ళీ వేశాను. లేచింది. అలా కొండంతా వేస్తూ ఆపుతూ వింటూ పోలేదులే, రెండోసారి వేసి అలాగే వదిలేశాను. కానీ ఆ మధ్యలో నిశ్శబ్దం ఉంది చూడు, బండిలో ఉన్నవాళ్ళందరూ విన్నారు. "ఇంతకుముందు రోజూ ఇలాగే వచ్చామా?" అని టీచరమ్మ అడిగింది. అవునన్నాను.

ఆ రోజు గదికొచ్చి పెట్టె అడుగు నించి నీ ఉత్తరాలు తీశాను. ఈసారి వేలు పెట్టింది దారి తప్పకుండా ఉండటానికి. ఒక్క అక్షరం వదల్లేదు. బోల్టు మీద పూసిన రంగు దాకా చదివాను. నువ్వు అసలు మాటని అలా తిట్ల మధ్య పాతిపెట్టకపోతే ఎంత బాగుండేది అనుకున్నాను. నేను తవ్వి చూసి ఉంటే ఎంత బాగుండేది అని కూడా అనుకున్నాను. ఇద్దరం సరిపోయాం. దీని మీద మళ్ళీ మాట్లాడుకోవద్దు.

తాత పోయాడు. చెయ్యి చీము పట్టింది, జ్వరం దిగలేదు. నేను చూడటానికి వెళ్ళినప్పుడు కళ్ళకి కట్లు ఉన్నాయి. ఏసీ, ఫ్యాను సంగతి చెవి దగ్గర చెప్పాను. అర్థమైందన్నట్టు వేలు కదిపాడు, హారన్ నొక్కినట్టు. జీవితంలో అదొక్కసారే అనుకుంటా. ఆయన కాగితాల్లో ఇంకా "డ్రైవరు నిర్లక్ష్యం" అనే ఉంది. ఆయన పెద్దకొడుకు ఆ మాట చదివి, తాత టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను మేనేజరుకి చెప్పాను. ఏసీ వేసి చూడండి, ఆపి చూడండి, చెవులతో వినండి చాలన్నాను. కార్డు డ్రాయరులోకి తోసి, "నువ్వు రూలు తప్పి నడిపావని ఒప్పుకుంటున్నావన్నమాట" అన్నాడు. నిన్నటి నించి డిపోలో ఒక కొత్త మనిషి తిరుగుతున్నాడు. చేతిలో తాళం వేసిన సామాన్ల పెట్టె, ఎవరితోనూ మాట్లాడడు, ప్రతి బండి ముందూ ఆగి ఎలుగుబంటి బొమ్మని గోటితో గీకి చూస్తున్నాడు. మీ బావమరిది అనుకుంటాను. సోమవారం తరవాత బళ్ళు ఒక్కొక్కటే సర్వీసుకి తీసుకెళ్తారట. తరవాత ఎందుకంటే, సోమవారం ఆసుపత్రి కొత్త వార్డు తెరుస్తున్నారు. కింద పాత వార్డులో ఉన్న రోగులందర్నీ, మంచాల మీద ఉన్నవాళ్ళతో సహా, అన్ని వ్యాన్లలో ఒకేసారి పైకి ఎక్కించాలి. వరసగా, నెమ్మదిగా, నడి ఎండలో. చెక్‌పోస్టు దగ్గర ఏసీలు ఆపి.

నాకు నీ కోపం కావాలిప్పుడు. కానీ ముందు అసలు మాట రాయి, తరవాత కోప్పడు. ఏం చెయ్యాలో చెప్పు. మిగతా డ్రైవర్లకి నేను చదివి వినిపిస్తాను. చిట్కా నేనే నేర్పాను గదా, దాన్ని వెనక్కి తీసుకోవాల్సింది కూడా నేనే.

నీ అక్క


మే 7

అక్కా,

అసలు మాట ముందు. ఆ సామాన్ల పెట్టె మనిషిని ఏ బానెటూ ఎత్తనివ్వొద్దు. అతను వేడి స్విచ్‌లు పెట్టడానికి రాలేదు. స్విచ్‌లు మొదటి నించీ ఉన్నట్టు కనపడేలా చెయ్యడానికి వచ్చాడు. ఉత్తుత్తి వైర్లు రెండు వేలాడదీస్తే మేనేజరు కంటికి చాలు. రంగు పూసిన బోల్టులు అలాగే ఉండాలి. అవే సాక్ష్యం.

ఈ ఉత్తరం టపాలో వెయ్యట్లేదు. నీ టీచరమ్మ ఊరి మీదుగా పోయే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను, ఆమె నీకు అందిస్తుంది. టపాలో వేసినవి ఎవరెవరు చదువుతున్నారో ఇప్పుడు నాకు తెలీదు.

షాపు నించి నన్ను తీసేశారు. ఆ సంగతి వదిలేయ్. నిన్న గదికి తాళం వేసి వెళ్ళాను, వచ్చేసరికి తాళం వేసే ఉంది. లోపల అన్నీ ఉన్నాయి, కరపత్రాల వరస మాత్రం మారింది. నీ పాత ఉత్తరాలు పెట్టుకునే బిస్కెట్ల డబ్బా మూత పక్కన పడి ఉంది. దర్జీ ఒకటే చెప్పాడు. మెట్ల కింద ఇద్దరు మనుషులు నిలబడి, మీ అక్క ఏ డిపోలో పని చేస్తుంది అని అడిగారట. తెలీదన్నాడట. "పర్లేదులే, మాకు తెలుసు" అని నవ్వి వెళ్ళారట. నీ గది తలుపు గడియ సరిగా పడదని రాశావు ఒకసారి. ఆదివారం అక్కడ పడుకోకు. టీచరమ్మ ఇంట్లో పడుకో.

నా దగ్గర పిడికెడు స్విచ్‌లు, ఒక చుట్ట లావు వైరు, ఫ్యూజులు ఉన్నాయి. డాష్‌బోర్డు కింద ఒక చేతి స్విచ్ బిగించి, దాని నించి రిలేకి వైరు లాగితే ఏసీతో సంబంధం లేకుండా ఫ్యాన్లు తిరుగుతాయి. అది తాత్కాలికం. ఆ పని సాక్షుల ముందు, బోల్టులు అందరూ చూశాకే చేస్తాను, ముందు చెయ్యను. దొంగపనికి మందు ఇంకో దొంగపని కాదు. దర్జీ కూడా వస్తున్నాడు. వైరింగ్ రాదు గాని, లైటు పట్టుకుంటానన్నాడు. మా సంఘం మొత్తం అదే.

ఇక డ్రైవర్లకి, నర్సులకి, తాత కొడుక్కి, టీచరమ్మకి. ఇక్కడి నించి గట్టిగా చదువు అక్కా. నేను నినాదాలు ఏమీ రాయలేదు, నువ్వు ఎక్కడా వేలు జరపక్కర్లేదు.

అయ్యా, అమ్మా. మిమ్మల్ని నన్ను నమ్మమని అడగను. నేను మీకు తెలీని మనిషిని, పైగా తప్పు చిట్కా మీదాకా వచ్చింది నా నోటి నించే. మీ చెవుల్ని నమ్మమని అడుగుతున్నాను. సోమవారం మొదటి ట్రిప్పుకి ముందే బళ్ళన్నీ గేటు ముందు వరసగా పెట్టండి. చేతి బ్రేకులు లాగండి, చక్రాల కింద రాళ్ళు పెట్టండి. బానెట్లు ముందే ఎత్తేసి ఉంచండి, వేడెక్కాక ఎవరూ దగ్గరికి పోవద్దు, తాత నిలబడ్డ చోట ఎవరూ నిలబడొద్దు. ఇంజన్లు వెయ్యండి, ఏసీలు వెయ్యండి. ఫ్యాన్లన్నీ హోరెత్తుతాయి. మేనేజరుని కూడా పిలవండి, ఆ హోరు ఆయన కూడా వినాలి. తరవాత అందరూ ఒకేసారి ఏసీలు ఆపండి. ఇంజన్లు ఆపొద్దు. ముళ్ళు లేచేదాకా అలాగే ఉంచి, ఎర్రగీత రాకముందే మళ్ళీ ఏసీలు వేసెయ్యండి. ఆ మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు. నన్ను తెలిసినవాళ్ళు నమ్మరు గాని, నేను కూడా మాట్లాడను. మంచి బండి అయితే ముల్లు లేచాక ఫ్యాన్ దానంతటదే తిరగాలి. ఒక్క ఫ్యాన్ తిరిగినా నేను అబద్ధాలకోరుని, అక్కడే పట్టుకుని తన్నండి. ఒక్కటీ తిరగకపోతే, మంచాల మీద ఉన్నవాళ్ళని ఎక్కించుకుని ఏ బండీ ఆ కొండెక్కదు. తాత కాగితాల్లో డ్రైవరు నిర్లక్ష్యం అని రాసిన మాట కొట్టేసేదాకా మనలో ఎవరూ గేటు వదలరు.

చప్పుడు చెయ్యడానికి కాదు, చప్పుడు లేకపోవడం వినడానికి రండి. సోమవారం, తెల్లవారుజామున ఐదు గంటలకి, డిపో గేటు దగ్గర.